రియాక్టరు ఓడ ఎక్కేటప్పుడు సంతకం ఎవరిది?

(మార్కాపురంలో పల్లెల కార్యకర్తల కోసం పెట్టుకున్న చదువు తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అట్లాగే వుంచాం.)

తర్లుపాడు, కొమరోలు, రాచర్ల, పెద్దారవీడు నుంచి బస్సులు మారి వచ్చిన అన్నలకూ అక్కలకూ, పని ఒకరోజు మానుకుని వచ్చిన తల్లులకూ జై భీమ్.

పొద్దున టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నాడు. "ఏందబ్బాయా, ఇయ్యాల నువ్వు మాట్లాడేది పరదేశాలకు అణు రియాక్టర్లు అమ్మే లైసెన్సుల గురించంట గదా. మా బోరు నీళ్లు తాగి పిల్లోళ్ల పళ్లు గారబట్టినయ్. నా మోకాళ్లు చూడు, ముడిస్తే సాగవు, సాపితే ముడవవు. వెలిగొండకు 1996లో రాయేసినారు. ముందు ఆ నీళ్ల సంగతి మాట్లాడరాదా?" అన్నాడు.

ఆయన మాట తీసేసేది కాదు. ఆయనకు జవాబు చెప్పకుండా నేను ఈ మైకు వదలను. కాకపోతే ఆ జవాబు దగ్గరకు బొంబాయి, కెనడా, అమెరికా చుట్టి రావాల. ఓపిక పట్టండి.

బయలుదేరేది మాత్రం మన పలకల గని దగ్గర్నుంచే. మా నాయన ఈ మార్కాపురం పలకల పనిలోనే బతికాడు. రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చేవాడు. మన రాయి విదేశాలకు పోతుందని మీకందరికీ తెలుసు. ఎగుమతి సరుకు చెక్క పెట్టెలకెత్తే రోజున కొనేవాడి మనిషి వచ్చేవాడు. మందం కొలిచేవాడు, రంగు చూసేవాడు, వేలితో తట్టి మోత వినేవాడు, పగులు కనబడితే పక్కన పడేసేవాడు. అన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టేవాడు. రాయికి అంత మర్యాద! ఆ రాయిని చీల్చినోడికి మాత్రం దగ్గు. దగ్గు తగ్గకపోతే ఆసుపత్రిలో టీబీ అన్నారు, టీబీ మందులిచ్చి పంపినారు. గుండెల్లో దిగింది రాతి దుమ్మని మాకు తెలిసేసరికి నాయన మంచం మీద నుంచి లేవలేకపోయాడు. ఆ ఎగుమతి కాగితంలో రాయి గురించి ఇన్ని గడులున్నాయి గదా, మనిషి ఊపిరితిత్తుల గురించి ఒక్క గడి ఎందుకు లేదు? నాకు పదిహేనేళ్లప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమవుతుంది. కొనేవాడు "ఈ సరుకు నాకొద్దు" అనగలడు. అందుకని వాడి షరతు కాగితంలోకి ఎక్కింది. మా నాయన "ఈ దుమ్ములో చెయ్యను" అంటే తెల్లారి ఆ ఉలి ఇంకొకడి చేతిలో వుంటుంది.

ఇప్పుడు ఆ రాయి చోట రియాక్టరును పెట్టి చూడండి.

కరెంటు తీసే రియాక్టర్ల పేర్లు మీరు విన్నారు, కూడంకుళం, తారాపూర్ వగైరా. పరిశోధన రియాక్టరు వేరే. అది ఒక్క యూనిట్ కరెంటు ఇయ్యదు. యురేనియం కడ్డీలు పేర్చి, వాటిలోని అణువులు పగిలేట్టు చేసి, ఆ పగులుడులో బయటికొచ్చే న్యూట్రాన్లను వాడుకునే కొలిమి అది. రోగ పరీక్షలకూ వైద్యానికీ పనికొచ్చే రేడియోధార్మిక పదార్థాలు అందులో తయారవుతాయి. ఈ విద్యను నేను తక్కువ చేసి మాట్లాడను. క్యాన్సర్ వచ్చిన మన ఆడోళ్లకు "కరెంటు పెట్టినారు" అంటామే, ఆ వైద్యంలో వాడే కోబాల్టు రియాక్టర్లలో పుట్టిందే. వేరుశెనగ వేసే రైతులకు టాగ్-24 విత్తనం తెలుసు, అది ట్రాంబే అణు కేంద్రం వాళ్లు తీసినదే.

అయితే అదే కొలిమిలో ఇంకోటి కూడా పుడుతుంది. లోపల కాలిన యురేనియం కడ్డీలో కొంత ప్లూటోనియంగా మారుతుంది. ఆ కడ్డీని ఆసిడ్‌లో కరిగించి ప్లూటోనియాన్ని వేరు చేస్తే, కొద్ది కిలోలతో ఒక బాంబు అవుతుంది. మందు, బాంబు ఒకే పొయ్యి మీద వండొచ్చన్న మాట. అందుకే ఈ సరుకు పలకల మాదిరి ఓడెక్కదు. పంపే దేశపు ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాల, తీసుకునే ప్రభుత్వం షరతులకు ఒప్పుకోవాల.

ఈ వ్యాపారానికి తలుపు తీసింది అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్. 1953 డిసెంబర్ 8న ఐక్యరాజ్యసమితిలో "శాంతి కోసం అణువు" అని ఉపన్యాసం చేశాడు. హిరోషిమా, నాగసాకి కాలి అప్పటికి ఎనిమిదేళ్లు. ఆ తర్వాత చిన్న చిన్న పరిశోధన రియాక్టర్లు పాకిస్తాన్‌కు, ఇరాన్‌కు, దక్షిణ వియత్నాంకు, ఇంకా ఎన్నో దేశాలకు పోయినాయి. ఆఫ్రికాలో మొదటి రియాక్టరు 1959లో కాంగోలో పెట్టినారు. కాంగో ఎందుకో తెలుసా? హిరోషిమా బాంబు తయారుచేసిన రోజుల్లో అమెరికా వాడిన యురేనియంలో పెద్ద భాగం అక్కడి షింకోలోబ్వే గని నుంచి నల్లవాళ్లు తవ్వి తీసినదే. వాళ్లకు ఆ రాయి ఏందో చెప్పినవాడు లేడు. మన పలకల గనికీ ఆ గనికీ చుట్టరికం వుంది.

మన దేశానికి వచ్చిన రియాక్టరు కథ ఇందులో అన్నిటికంటే పెద్దది. 1956 ఏప్రిల్‌లో కెనడాతో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. కొలంబో పథకం కింద సాయంగా 40 మెగావాట్ల పరిశోధన రియాక్టరు. అందులో పోయడానికి 21 టన్నుల భారజలం అమెరికా ఇచ్చింది. అందుకే దాని పేరు సైరస్, కెనడా పేరూ ఇండియా పేరూ అమెరికా పేరూ కలిపి పెట్టినది. బొంబాయి పక్కన ట్రాంబేలో కట్టినారు, 1960 జులైలో కొలిమి అంటుకుంది. ఒప్పంద కాగితంలో షరతు ఏందంటే, దీన్ని శాంతి ప్రయోజనాలకే వాడాల. అంతే. శాంతి అంటే ఏదో, ఏది కాదో రాయలేదు. ఎవరు వచ్చి చూస్తారో రాయలేదు. తనిఖీ చేసే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అప్పటికింకా పుట్టనే లేదు, అది 1957లో పుట్టింది.

ఇక్కడ ఒక వెనకటి ముచ్చట చెప్పాల. 1948 ఏప్రిల్‌లో రాజ్యాంగ సభలో అణుశక్తి బిల్లు వచ్చింది. అందులో అంతా రహస్యం. మైసూరు సభ్యుడు ఎస్.వి. కృష్ణమూర్తిరావు లేచి, బ్రిటన్ చట్టంలో రక్షణ పనులకే రహస్యం పెట్టుకున్నారు, మనం శాంతి పరిశోధనకు కూడా ఎందుకు పెడుతున్నాం అని అడిగాడు. ఈ రెంటినీ ఎట్లా విడదీయాలో తనకు తెలియదనే అర్థం వచ్చేట్టు నెహ్రూ జవాబిచ్చాడు. చూడండి, విడదీయలేమని మన ప్రధానే 1948లో సభలో ఒప్పుకున్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత కెనడా వచ్చి, విడదీయలేని దాన్ని ఒక్క మాటతో విడదీసి సంతకం పెట్టి పోయింది.

1971లో కెనడా ప్రధాని ట్రూడోకు అనుమానం వచ్చింది. పేలుడు చేస్తే ఒప్పందం తప్పినట్టేనని ఇందిరాగాంధీకి ఉత్తరం రాశాడు. ఒప్పందానికి అట్లాంటి అర్థం తీయడం మాకు సమ్మతం కాదని ఇటునుంచి జవాబు. 1974 మే 18న రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో భూమి కింద పేలింది. ప్లూటోనియం సైరస్‌దే. ఇది శాంతియుత పేలుడు అన్నారు మన పాలకులు. కాగితాన్ని వాళ్లు చింపలేదు చూడండి, కాగితంలోని మాటకు తమ అర్థం చెప్పుకున్నారు. చదువుకున్న దొరల పని అట్లాగే వుంటుంది. భూసంస్కరణల చట్టాన్ని కూడా వాళ్లు చింపలేదు గదా, పాలేరు పేరుమీదా, పుట్టని కొడుకు పేరుమీదా రాసుకున్నారు!

కెనడా వాడికి అన్యాయం జరిగిందని నేను ఏడవడానికి రాలేదు. బాంబులు పెట్టుకున్న పెద్ద దేశాలు తమ బాంబులు వుంచుకుని ఎదుటివాడికి నీతులు చెప్పడం ఏం నీతో నాకు తెలియదు. నేను అడిగేది వేరే. షరతు రాసినవాడు తనిఖీ రాసుకోకపోతే, తప్పితే ఏం చేస్తాడో రాసుకోకపోతే, ఆ షరతుకు బలమేంది?

ఈ సంగతి మనకు కెనడా వాడి కంటే ముందే తెలుసు. 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే తీర్మానం నెగ్గింది, ప్రభుత్వ డబ్బుతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లకు తెరవాలని. 1924లో మహాడ్ మునిసిపాలిటీ కూడా తన చెరువు తెరిచామని తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. మనోళ్లు ఒక్క దోసెడు తాగలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ నడిచి పోయి, చవదార్ చెరువులో చెయ్యి పెట్టి నీళ్లు తాగితేనే ఆ కాగితంలో ఏముందో లోకానికి తెలిసింది. తాగి వచ్చినోళ్లను కొట్టినారు, చెరువును కుండలతో శుద్ధి చేసుకున్నారు. అంటే తీర్మానం వుంది, తనిఖీ లేదు, తప్పినవాడికి శిక్ష లేదు. సైరస్ కాగితం కథా అదే.

పోఖ్రాన్ తర్వాత అమ్మే దేశాలు మేల్కొన్నాయి. లండన్‌లో కూడి అణు సరఫరాదారుల బృందం అని ఒకటి పెట్టుకున్నాయి. 1978లో అమెరికా కొత్త చట్టం చేసి, మొత్తం అణు పనికీ తనిఖీ ఒప్పుకోని దేశానికి రియాక్టరు గానీ ఇంధనం గానీ పోకూడదంది. ఆ దేశంలో రియాక్టరుకూ ఇంధనానికీ ఎగుమతి లైసెన్సు ఇచ్చేది అణు నియంత్రణ కమిషన్. పరిజ్ఞానం అమ్మాలంటే ఇంధన శాఖ అనుమతి వేరే. రియాక్టరు గానీ ఇంధనం గానీ పోవాలంటే రెండు దేశాల మధ్య ముందు ఒప్పందం వుండి తీరాల.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, నాకు ఈ కథంతటిలోకీ ముఖ్యమైన ముక్క ఇదే. మన తారాపూర్ కరెంటు రియాక్టర్లకు ఇంధనం అమెరికా నుంచి రావాల, 1963 నాటి ఒప్పందం. 1976లో ఆ లైసెన్సు దరఖాస్తు మీద అక్కడి పర్యావరణ సంఘాలు అభ్యంతరం పెట్టినాయి. ఆ ఏడాది జులైలో వాషింగ్టన్‌లో కమిషన్ బహిరంగ విచారణ పెట్టి వాళ్ల మాట వింది. 1980లో కమిషన్ లైసెన్సు ఇవ్వడం కుదరదంది. అధ్యక్షుడు కార్టర్ దాన్ని తోసి, పంపాలన్నాడు. ప్రతినిధుల సభ వద్దంది. సెనేట్‌లో కార్టర్ పక్షం 48, ఎదురు 46. రెండు ఓట్లతో ఇంధనం ఓడెక్కింది.

ఇంత గొడవా దేని గురించి? మన అరేబియా సముద్రం ఒడ్డున కాలే ఇంధనం గురించి. వాషింగ్టన్‌లో కుర్చీ వేసుకుని అభ్యంతరం చెప్పే హక్కు అమెరికా పౌరుడికి వుంది. తారాపూర్‌లో వల వేసే బెస్తవాడికి ఇట్లాంటి విచారణ ఏదీ ఇక్కడి చట్టంలో లేదు. 1962 అణుశక్తి చట్టం అడగనిచ్చే చట్టం కాదు, సమాచారాన్ని దాచే చట్టం. తర్వాత అదే తారాపూర్‌లో మూడో, నాలుగో రియాక్టర్ల కోసం అక్కర్‌పట్టి, పోఫ్రాన్ అనే రెండు వూళ్లను లేపినారు.

ఇక 2008కి వద్దాం. ఆ సెప్టెంబర్‌లో వియన్నాలో 45 దేశాల బృందం భారతదేశానికి మినహాయింపు ఇచ్చింది, అక్టోబర్‌లో అమెరికాతో ఒప్పందం అయింది. దానికి ముందే మన సర్కారు రియాక్టర్లను పౌర పనులవీ, సైనిక పనులవీ అని రెండు గుంపులు చేసింది. సైరస్‌ను ఏ తనిఖీ కిందా పెట్టలేదు, 2010 ఆఖరున మూసేశారు. కొత్త పద్ధతి ఏందంటే, పరదేశం నుంచి వచ్చే యురేనియానికి లెక్క వుంటుంది. హైదరాబాదు అణు ఇంధన సముదాయంలో ఆ యురేనియం నడిచే విభాగాలకు అంతర్జాతీయ తనిఖీదారులు వస్తారు, తూకాలు చూస్తారు, సీళ్లు వేస్తారు. గ్రాము గ్రాముకూ లెక్క. నేను దీన్ని మెచ్చుకుంటా. సైరస్ నాటికి ఇప్పటికి కాగితం గట్టిపడింది.

మరి మన నేలలోంచి తీసే యురేనియం? గిద్దలూరు దాటి పోరుమామిళ్ల దారి పడితే కడప జిల్లానే గదా. అదే జిల్లాలో వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ గనీ, శుద్ధి కర్మాగారమూ వున్నాయి. ఖనిజం కడిగిన వ్యర్థం కె.కె. కొట్టాల పక్కన చెరువులో నింపుతారు. బోర్ల నీళ్లు చెడినాయని, అరటి తోటలు ఎండినాయని, ఒంటి మీద దద్దుర్లు లేచినాయని చుట్టుపక్కల వూళ్లోళ్లు మొత్తుకున్నారు. 2019లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. తన వల్ల కాదంది సంస్థ. ఎవరి మాట నిజమో తేల్చడానికి ఆ వూళ్ల తరఫున తూకం పట్టుకుని వచ్చే తనిఖీదారుడు ఎవరు? పరదేశపు యురేనియం గ్రాముకు వియన్నా నుంచి మనిషి వస్తాడు. కొట్టాల చెరువు గట్టుకు కడప నుంచి మనిషిని రప్పించాలంటే ధర్నా చేయాల. ఎందుకంటే పరదేశం వాడు "ఇవ్వను" అనగలడు. కొట్టాల రైతు అనలేడు.

భారజలం ముచ్చట కూడా వినండి. 1956లో 21 టన్నులు బతిమాలి తెచ్చుకున్న దేశం, తర్వాత తానే ఎగుమతి చేసింది, దక్షిణ కొరియాకు పంపింది, అమెరికాకూ పంపింది. అది తయారయ్యే చోట్లలో ఒకటి గోదావరి ఒడ్డున మణుగూరు, కోయ గూడేల నడుమ. పంపే సరుకు శుద్ధత ఎంతో కాగితంలో రాసి పంపుతారు. మణుగూరు చుట్టూ గూడేల్లో బడి ఎట్లుందో, మంచినీళ్లు ఎట్లున్నాయో ఆ కాగితంలో రాస్తారా?

మనమూ అమ్మేవాళ్లమే అన్నమాట. 1991లో ఇరాన్‌కు 10 మెగావాట్ల పరిశోధన రియాక్టరు అమ్మే మాటలు నడిచినాయి, అమెరికా కన్నెర్ర చేస్తే ఆగిపోయినాయి. అంతకు మునుపు ఇరాన్‌కు 1967లో రియాక్టరు ఇచ్చింది ఎవరనుకున్నారు? ఆ అమెరికానే. ఇప్పుడు చిన్న రియాక్టర్ల కాలం అంటున్నారు. 2025 మార్చిలో అమెరికా ఇంధన శాఖ హోల్టెక్ అనే కంపెనీకి తన చిన్న రియాక్టరు పరిజ్ఞానాన్ని ఇక్కడి మూడు కంపెనీలకు ఇచ్చుకోమని అనుమతి ఇచ్చింది. ఆ డిసెంబర్‌లో మన పార్లమెంటు కొత్త అణు చట్టం చేసింది. 1962 చట్టమూ, 2010 నాటి అణు నష్టపరిహార చట్టమూ పోయినాయి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరుచుకుంది. 2010 చట్టంలో భోపాల్ చావులను గుర్తుపెట్టుకుని రాసిన ముక్క ఒకటి వుండేది. యంత్రంలో లోపం వల్ల ప్రమాదం జరిగితే, అమ్మిన కంపెనీ నుంచి తిరిగి వసూలు చేసుకోవచ్చని. ఆ ముక్కను కొత్త చట్టంలో తీసేశారు. ఒప్పందంలో రాసుకుంటే వుంటుంది, లేకుంటే లేదు. అమ్మేవాడికి అది నచ్చలేదు, "ఇవ్వను" అన్నాడు, పదిహేనేళ్లకు మాట నెగ్గించుకున్నాడు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో భూములు పోయేవాళ్లను ఈ మార్పు గురించి ఎవరన్నా అడిగినారా?

"అయితే ఏమంటావు, రియాక్టర్లు అసలే వద్దంటావా?" అని ఇందాక ఒక తమ్ముడు చీటీ పంపినాడు. నా వరకు నేను బాంబు వద్దంటాను, ఎవడిదైనా సరే. వైద్యానికి పనికొచ్చే కొలిమి మీద నాకు పగ లేదు. కానీ అది ఏ దేశం నుంచి వచ్చినా, ఏ దేశానికి పోయినా, ఆ లైసెన్సు కాగితం మీద ఇద్దరి సంతకాలే వున్నంతకాలం నాకు నమ్మకం లేదు. రాయి తవ్వే వూరు, వ్యర్థం నింపే వూరు, కొలిమి పక్కన బతికే వూరు, ఈ మూడో సంతకం కావాల. గ్రామసభ "వద్దు" అంటే ఆగిపోయే గడి ఒకటి ఆ కాగితంలో వుండాల. 2019లో నల్లమలలో యురేనియం అన్నప్పుడు అవతలి గట్టున అమ్రాబాద్ చెంచులూ జనమూ లేచి నిలబడితే, ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. ఆ అడవి ఇవతలి గట్టు మనదే. దోర్నాల, యర్రగొండపాలెం గూడేల చెంచులు మన పొరుగోళ్లే. ఇవతల డ్రిల్లింగు మిషను దిగితే మొదట చూసేది వాళ్లే, మొదట చెప్పాల్సింది మనకే.

పెద్దాయనా, వెనక బెంచీ మీద కూర్చున్నావు గదా, నీ దగ్గరకు వచ్చా. నీ బోరు నీళ్ల పరీక్ష ఎప్పుడు చేశారు? నీకు తెలియదు, మీ వూళ్లో ఎవరికీ తెలియదు. లీటరు నీళ్లలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రభుత్వమే రాసుకుంది. అది నీ తరఫున రాసిన షరతు. దాన్ని తనిఖీ చేసే అలవాటు మనం నేర్చుకోకుండా, రేపు నల్లమలకు మిషను వచ్చినరోజు లైసెన్సు చూపించమని ఏ నోటితో అడుగుతాం? సమాచార హక్కు దరఖాస్తుకు వూళ్లో పంచాయతీ దగ్గరైతే ఫీజు లేదు, మండలంలో అయితే 5 రూపాయలు. మన పల్లెలో ఏ బోరు నీళ్లు ఏ తేదీన పరీక్ష చేశారు, ఎంత వచ్చింది, ఆ కాగితం నకలు ఇవ్వండి. ఇంతే రాయాల. రాయడం రానోళ్లకు రాసిపెట్టే పిల్లలు ఈ గదిలోనే పన్నెండు మంది వున్నారు.

అన్నాలు తిన్నాక ఎవరూ బస్సుకు పరిగెత్తొద్దు. ఏ పల్లె నుంచి ఎవరి పేరుతో దరఖాస్తు పోతుందో రాసుకుందాం. పెద్దాయనా, మొదటి పేరు నీదే రాస్తున్నా, వేలిముద్ర అయినా సరే. జై భీమ్.